రెండు స్తంభాల నడుమ

"జరిమానా కట్టేస్తే పోద్ది గదక్కా. కోర్టని, వకీలని ఎందుకింత రచ్చ?"

పొద్దున లేచిన దగ్గర్నుంచి వినోద్ ఆ మాటే అంటున్నాడు. ఉష కూడా పొద్దుటినుంచీ ఒకే జవాబు ఇస్తోంది.

"కట్టేదానికి నువ్వేం తప్పు చేసినావురా? నా మొగుణ్ణి బతికించాలని పరిగెత్తినావు. దానికి శిక్షంట. నేనైతే ఒప్పుకోను."

కోర్టు నుంచి వచ్చిన సమన్లను వాళ్ల తల్లి మాలకొండమ్మ దేవుడి పటం వెనక దోపింది. ఆ ఇంట్లో భయపెట్టే కాగితం ఏదొచ్చినా అక్కడికే పోతుంది. దేవుడు వాటిలో ఒక్కటైనా చదివిన దాఖలా ఇంతవరకూ లేదు.

చిల్లకూరు దాటాక హైవే మీద ఒక స్తంభం ఉంది. నాయుడుపేట రాకముందు ఇంకో స్తంభం ఉంది. ఈ రెంటి నడుమ వినోద్ నడిపిన చేపల వ్యాను హద్దు మీరిన వేగంతో పోయిందని కేసు. తేదీ జూన్ నెలది. సముద్రంలో రెండు నెలల చేపల వేట నిషేధం ముగిశాక, వాళ్లుండే పాలెం నుంచి చెన్నైకి బయల్దేరిన మొదటి లోడు అది. ఆ రోజే, ఆ వ్యానులోనే, వినోద్ పక్క సీట్లో కూర్చున్న ఉష భర్త సుబ్బుకు పక్షవాతం వచ్చింది.

"స్తంభాల కాడ నెమ్మదిగానే పోయినా అంటివే," అన్నాడు నరసయ్య వల మీదనుంచి తల ఎత్తకుండా. పడవ ఆయనది, వ్యాను ఆయనది, ఈ సంసారమూ ఆయనదే. మాటలు మాత్రం తక్కువ.

"నెమ్మదిగానే పోయినా నాయనా. రెండు కాడా."

అది అబద్ధం కాదు. ఆ దారిన చేపలు తోలే డ్రైవర్లంతా అంతే. హెడ్మాస్టరు గది ముందు నడిచే పిల్లల్లాగా స్తంభం కింద ఒద్దికగా పోతారు, దాటగానే విజృంభిస్తారు. కొత్తగా పెట్టిన ఈ కెమెరాలు రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయని వాళ్లకెవరూ చెప్పలేదు. చెప్పినా నమ్మేవాళ్లు కాదు.

"మరి కేసెట్టా పెట్టినారు?"

"ఏమో. అందుకే కట్టేద్దాం అంటుండా."

"ఇది రెండో కేసంట. ఒప్పుకుంటే లైసెన్సు పక్కన పెడతారంట," అంది ఉష. "నువ్వు తోలకపోతే లోడు ఎవురు తోలతారు? అసలు జడ్జిగారికి తెలవాల. రోడ్డు పక్కన ఆసుపత్రి కనపడితే ఆపినాడు నా తమ్ముడు. డాక్టరు లేడన్నారు. ఇంక చెన్నైకి పరిగెత్తక ఏం చేస్తాడు?"

ఈ కథ పాలెంలో అందరికీ తెలుసు. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లకీ ఉష చెప్పింది. చెప్పిన ప్రతిసారీ ఆమె గొంతులో కృతజ్ఞత నిండేది. జూన్ నుంచీ చేపల పులుసులో తలకాయ ముక్క తమ్ముడి పళ్లెంలోకే పోతోంది. అంతకుముందు అది సుబ్బుది. వినోద్ దాన్ని తినకుండా పళ్లెం అంచున పెట్టి, చివరికి పిల్లికి వేస్తున్నాడు. బావ మీది బెంగతో ముద్ద దిగడం లేదని ఉష అనుకుంది, ఇంకా కరిగిపోయింది.

సుబ్బు వసారాలో నులకమంచం మీద ఉన్నాడు. కుడి కాలు, కుడి చెయ్యి పనిచేయవు. నోటినుంచి మాట రాదు. ఎడమ చెయ్యి ఒక్కటే మిగిలింది. కాని నరసయ్య పడవలో పనిచేసినవాడికి ఒక్క చెయ్యి చాలు. ఇంజను మోతలో మాట వినపడదు కనుక ఆ పడవ మీద అంతా చేతి సైగలే. అరచెయ్యి పైకెత్తితే ఆపమని. పిడికిలి బిగించి గుండె దగ్గరికి లాక్కుంటే ఆపొద్దు, లాగుతూనే ఉండమని. ఇప్పుడు ఇంట్లోనూ అవే పనికొస్తున్నాయి. అన్నం చాలంటే సుబ్బు చెయ్యి ఎత్తుతాడు, ఇంకో ముద్ద కావాలంటే పిడికిలి లాక్కుంటాడు.

"నువ్వన్నా చెప్పయ్యా," అంది ఉష మంచం అంచున కూర్చుని. "తమ్ముడు నీకోసరం ఆపినాడు గదా. తప్పు చేసినానని వాడెందుకు ఒప్పుకోవాల?"

సుబ్బు కళ్లు మూసుకున్నాడు.

"అలిసిపోయినాడు," అంది మాలకొండమ్మ. "ఆయన్నెందుకు లాగుతావు దీంట్లోకి. పొయ్యేవాళ్లు పొద్దు ఎక్కకముందే పోండి. గూడూరులో ఆ వకీలును కలిసిరండి."

వినోద్ తండ్రి వైపు చూశాడు. నరసయ్య దారం కొరికి, వలలో తెగిన కన్నుకు ముడి వేసుకుంటూ కూర్చున్నాడు. అక్కడినుంచి సాయం రాదని వినోద్‌కు అర్థమైంది. వ్యాను తాళాలు తీసుకున్నాడు.

*

వకీలు జీవానందం గారికి విషయం చెప్పడం కంటే చూపించడం ఇష్టం. బల్ల మీద రెండు టీ గ్లాసులు దూరదూరంగా పెట్టాడు. మధ్యలో ఒక అగ్గిపెట్టె పెట్టాడు.

"ఇది మొదటి స్తంభం. అది రెండోది. ఇదేమో మీ వ్యాను. ఇక్కడ ఫొటో తీసి టైం వేసుకుంటుంది. అక్కడా ఫొటో తీసి టైం వేసుకుంటుంది. నడుమ దూరం ముందే కొలిచి పెట్టుకున్నారు. దూరాన్ని టైంతో భాగిస్తే సగటు వేగం. అది తొంభై ఆరు వచ్చింది. హద్దు ఎనభై."

"వీడు స్తంభాల కాడ నెమ్మదిగానే పోయినాడండి," అంది ఉష.

"పోయినాడమ్మా, నేను కాదంటానా?" జీవానందం రెండు ఫొటోల నకళ్లు ఆమె ముందుకు జరిపాడు. రెండూ వెనకనుంచి తీసినవే. వ్యాను, నంబరు ప్లేటు, తలుపు సందులోంచి కారుతున్న ఐసు నీళ్లు. "బ్రేకు లైట్లు చూడండి. ఇందులోనూ ఎర్రగా వెలుగుతుండాయి, అందులోనూ వెలుగుతుండాయి. ఎంత మర్యాదగా తొక్కినాడో. కానీ ఈ కెమెరాలకు స్తంభం కింద ఎట్టా పోయినాడన్నది అక్కర్లేదు. నడుమ ఎట్టా పోయినాడన్నదే లెక్క."

వినోద్ ఫొటోల వైపు చూడలేదు. కిటికీలోంచి రోడ్డు చూస్తున్నాడు.

"కేసు కొట్టేయించే దారి లేదాండి?"

"దారులు ఉండాయి. రెండు కెమెరాల గడియారాలూ ఒకే టైం చూపిస్తుండాయా అని అడగొచ్చు. దూరం ఎవరు కొలిచినారు, యంత్రానికి ఈ ఏటి సర్టిఫికెట్ ఉందా అని అడగొచ్చు. అవన్నీ వాళ్లు రుజువు చేసుకోవాల. కానీ నేను చూసినా. కాగితాలు గట్టిగానే ఉండాయి." ఆయన అగ్గిపెట్టెను వేలితో తట్టాడు. "మీరు ఫోనులో చెప్పిన ఆసుపత్రి సంగతి విన్నాక నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఆసుపత్రి ఈ రెండు స్తంభాల నడుమే గదా?"

"నడుమేనండి," అంది ఉష. "చిల్లకూరు దాటినాక అన్నాడు. నాయుడుపేట ఇంకా రాలేదన్నాడు."

"ఏం నాయనా?"

"ఆఁ," అన్నాడు వినోద్.

"చూడండి మరి. వ్యాను ఆపినాడు. దిగి లోపలికి పోయినాడు. డాక్టరు ఉండాడా అని అడిగినాడు. లేడన్నారు. మళ్లీ ఎక్కినాడు. ఎంత తొందరపడినా పది నిమిషాలు. కెమెరా ఏమంటుంది? ఇరవై ఆరు కిలోమీటర్లు పదహారు నిమిషాల చిల్లరలో పోయినాడంటుంది. అందులో పది నిమిషాలు ఆగివుంటే, మిగతా ఆరు నిమిషాల్లో ఇరవై ఆరు కిలోమీటర్లు ఎట్టా పోతాడు? చేపల వ్యానుకు రెక్కలు కట్టుకోవాల."

తన లెక్కకు తనే మురిసిపోయి జీవానందం నవ్వాడు. ఉష నవ్వలేదు.

"అంటే?" అంది.

"అంటే రెండింట్లో ఒకటి అబద్ధం. కెమెరా అన్నా తప్పు కావాల, ఆగడమన్నా తప్పు కావాల. ఆగినాడని మీరు బోనులో నిలబడి చెబితే, కెమెరా తప్పని మనం గట్టిగా వాదించొచ్చు."

"నేను వ్యానులో లేనండి."

"లేరు. కానీ అక్కడినుంచి మీకు ఫోన్ చేసినాడు గదా. ఏమన్నాడు?"

"'ఆసుపత్రి కాడ ఉండామక్కా, డాక్టరు లేడంట, చెన్నైకే పోతుండాం' అన్నాడు."

"అది చాలు. వెనకాల ఆసుపత్రి చప్పుళ్లు ఏమన్నా వినపడినాయా? మనుషుల మాటలు, గేటు తీసిన చప్పుడు, ఏదన్నా?"

ఉష ఆలోచించింది. జూన్ నుంచి ఆ ఫోనును ఎన్నిసార్లు తలచుకుందో లెక్కలేదు. తలచుకున్న ప్రతిసారీ తమ్ముడి మాటలే విన్నది. ఇప్పుడు మొదటిసారి మాటల వెనక ఏముందో వినడానికి ప్రయత్నించింది. ఇంజను మోత వినిపించింది. ఎదురుగా ఒక హారను దగ్గరై, పెద్దదై, వెనక్కి పోవడం వినిపించింది. తమ్ముడు ఆ మోత మీదుగా గొంతు పెంచి మాట్లాడడం గుర్తొచ్చింది.

"గుర్తు లేదండి," అంది.

ఆ ఇంట్లో అబద్ధం ఆడడం చేతకాని మనిషి ఎవరంటే పాలెంలో అందరూ ఉషనే చూపిస్తారు. మొదటిది ఇంత తేలిగ్గా వచ్చేసినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

*

గూడూరు నుంచి ఇంటికి పోవాలంటే తూర్పుకు తిరగాలి. ఉష దక్షిణానికి తిప్పమంది.

"యాడికక్కా?"

"ఆ ఆసుపత్రి చూపించు. ఎవురన్నా గుర్తుపట్టి సాక్ష్యం చెప్తారేమో."

"అదెందుకులే ఇప్పుడు. ఎండలో."

"తిప్పరా."

వినోద్ తిప్పాడు. చిల్లకూరు దాటింది. మొదటి స్తంభం కనబడగానే బ్రేకు తొక్కాడు. వ్యాను తల వంచినట్టు ముందుకు వాలి, స్తంభం కిందనుంచి మెల్లగా పోయింది. దాటాక వినోద్ వేగం పెంచలేదు. వెనక లారీలు విసుక్కుంటూ పక్కనుంచి దూసుకుపోతున్నాయి.

ఎడమ పక్క నిమ్మతోటలు. తర్వాత జామాయిల్ చెట్లు. ఒక పెట్రోలు బంకు, టైర్లకు పంచరు వేసే కొట్టు, టీ బంకులు. ఉష కిటికీ అద్దం పూర్తిగా దింపి, వచ్చే ప్రతి బోర్డూ చదువుతోంది. గాలికి ఆమె కొంగు ఎగిరి మొహాన పడుతోంది. దాన్ని తీసుకోవాలన్న ధ్యాస కూడా ఆమెకు లేదు.

ఒక మేడ మీద ఆసుపత్రి బోర్డు కనిపించింది.

"ఇదేనా?"

"కాదు. అది ఎముకలది."

ఇంకొంత దూరం పోయాక మరొకటి వచ్చింది. రంగు వెలిసిన గోడ, ముందర ఖాళీ అంబులెన్సు.

"ఇదా?"

వ్యాను ఆగలేదు. అంబులెన్సు వెనక్కి పోయింది.

ఉష ఇక అడగలేదు. అడగకుండా చూస్తూ కూర్చుంది. అడిగితే వాడు ఏదో ఒకటి చూపిస్తాడేమో, తను నమ్మేస్తుందేమో అని ఆమెకు భయం వేసింది. నమ్మాలనే ఉంది. ఒక్క బోర్డు, ఒక్క గేటు చూపించి ఇదే అక్కా అంటే చాలు, దిగి లోపలికి కూడా పోదు.

రెండో స్తంభం వచ్చింది. వినోద్ కాలు తనంతట తానే బ్రేకు మీదికి పోయింది.

"తొక్కినావు," అంది ఉష.

"ఏంది?"

"బ్రేకు. ఆ రోజు కూడా తొక్కినావు. వకీలు చూపించినాడు గదా, ఎర్రగా లైట్లు వెలుగుతుండాయి. ఆడా తొక్కినావు, ఈడా తొక్కినావు." ఆమె గొంతు పెంచలేదు. "ఇనప స్తంభం కోసరం రెండుసార్లు తొక్కినావు. పక్కన ఆయన పడిపోయి ఉంటే, ఆయన కోసరం ఒక్కసారి తొక్కలేకపోయినావా వినోద్?"

వినోద్ వ్యానును రోడ్డు పక్కకు తీశాడు. ఇంజను ఆపాడు. స్టీరింగు మీద రెండు చేతులూ అలాగే ఉంచాడు.

"ఆపినావా, ఆపలేదా?"

"ఆపలేదక్కా."

ఒక బస్సు పోయింది. దాని గాలికి వ్యాను ఊగింది. అతను ఇంకేదో చెబుతాడని ఉష చాలాసేపు చూసింది.

"ఇంటికి పద," అంది ఆమె.

ఇంటి దగ్గర వ్యాను దిగుతూ ఉష, "వాయిదా రోజు నేనూ వస్తా," అంది. సాక్ష్యం చెప్పడానికి వస్తానంటోందా, తాను చెప్పేది వినడానికి వస్తానంటోందా అని అడిగే ధైర్యం వినోద్‌కు లేకపోయింది.

*

వాయిదా రోజున గూడూరు కోర్టులో వినోద్ పేరు పిలిచేసరికి మధ్యాహ్నం కావచ్చింది. జీవానందం గారు ఇస్త్రీ మడత నలగని కోటుతో హుషారుగా ఉన్నాడు. ఉష చివరి బల్ల మీద కూర్చుంది. ఆమెను సాక్షిగా పిలవాలా వద్దా అని ఆయన కళ్లతోనే అడిగాడు. ఆమె తల వంచుకుంది.

మేజిస్ట్రేటు నడివయసు ఆవిడ. ఫొటోలు రెండూ పక్కపక్కన పెట్టుకుని, సర్టిఫికెట్లు తిరగేసి, తల ఎత్తింది.

"హద్దు మీరిన వేగంతో నడిపావని కేసు. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటుండానండి," అన్నాడు వినోద్.

జీవానందం హుషారు ఒక్కసారిగా దిగిపోయింది. కాని ఆయన అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. లేచి నిలబడ్డాడు.

"మేడం, నా క్లయింటు పరిస్థితి దయచేసి గమనించాలి. పక్క సీట్లో అతని బావకు పక్షవాతం వచ్చింది. ప్రాణాపాయం. ఆసుపత్రికి చేర్చే ఆత్రంలో..."

మేజిస్ట్రేటు చెయ్యి చూపి ఆయన్ను ఆపింది. వినోద్ వైపు తిరిగింది.

"ఈ ఫొటోలను బట్టి నువ్వు ఎంత వేగంగా పోయావో నాకు తెలుస్తోంది. ఎందుకు పోయావో వీటిలో లేదు. నువ్వు చెప్పు. ఆసుపత్రికే పోతున్నావా?"

అవునంటే సరిపోయేది. వకీలు మొహంలో ఆ మాటే ఉంది. శిక్ష తగ్గేది, లైసెన్సు మిగిలేదేమో కూడా. వినోద్ వెనక్కి తిరిగి చివరి బల్ల వైపు చూశాడు. ఉష కూడా అతన్నే చూస్తోంది.

"కాదండి," అన్నాడు. "లోడు దింపేదానికి పోతుండా. చెన్నైలో లోడు దింపినాకే ఆసుపత్రికి తీసుకపోయినా."

మేజిస్ట్రేటు అతన్ని ఒక క్షణం చూసి, రాసుకోవడం మొదలుపెట్టింది. జరిమానా వేసింది. లైసెన్సు మూడు నెలలు సస్పెండ్ చేసింది. తర్వాత ఇంకో పేరు పిలిచారు.

బయట జిరాక్సు కొట్టు పక్కన నీడలో ఉష నిలబడి ఉంది. వినోద్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఇంకొకటి ఉండాది అక్కా. అది జడ్జిగారు అడగలేదు."

"చెప్పు."

"బావకు నోరు పడిపోయినాక, ఎడం చెయ్యి ఎత్తినాడు." వినోద్ తన అరచెయ్యి పైకెత్తి చూపించాడు. "ఇట్టా."

ఉషకు ఆ సైగ ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. రోజూ అన్నం పెట్టేటప్పుడు చూస్తూనే ఉంది.

"నువ్వు చూసినావా?"

"చూసినా."

"చూసి?"

"మొదటి లోడు గదక్కా. రెండు నెలలు పస్తుండి పాలెం అంతా ఆ లోడు మీదే ఆశ పెట్టుకోనుండాది. ఆలిస్యమైతే మార్కెట్టు అయిపోద్ది. ఇంకొంచెం దూరం, ఇంకొంచెం దూరం అనుకుంటా పోయినా. నీకు ఫోన్ చేసేటప్పుడు కూడా ఆపుదామనే అనుకున్నా. ఆపినానని చెప్పేస్తే ఆపేస్తానులే అనుకున్నా." అతను తన చెయ్యి దించుకున్నాడు. "చెయ్యి దించకుండా చాలాసేపు అట్టే పెట్టుకోనున్నాడు."

ఉష కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడవలేదు. ఏడుపు రావాల్సిన చోట కోపం, కోపం రావాల్సిన చోట జాలి వచ్చాయి. చివరికి తమ్ముడిని అక్కడే వదిలి బస్‌స్టాండు వైపు నడిచింది.

*

ఆ మధ్యాహ్నం ఇంట్లో అందరూ ఆలస్యంగా తిన్నారు. ఉష వడ్డించింది. చేపల పులుసులో తలకాయ ముక్క ఎవరి పళ్లెంలోనూ పడలేదు. గిన్నెలోనే ఉండిపోయింది. మాలకొండమ్మ దాన్ని చూసింది, కూతురి మొహం చూసింది, మూత పెట్టేసింది.

వినోద్ తర్వాతి బస్సుకు వచ్చాడు. లోపలికి రాకుండా వాకిట్లో తండ్రి ముందు నిలబడి, కోర్టులో చెప్పిందీ, బయట చెప్పిందీ మొత్తం చెప్పాడు. నరసయ్య వల అల్లడం ఆపి విన్నాడు.

"అల్లుడు చెయ్యి ఎత్తినాడా?" అన్నాడు చివరికి.

"ఎత్తినాడు నాయనా."

"ఇన్నేళ్లు నా పడవలో చేసినాడు. వల నీళ్లల్లో ఉండంగా ఎవుడూ చెయ్యి ఎత్తగూడదని నేను పెట్టిన కట్టడి. జొరమొచ్చినా, తెడ్డు తగిలి వేలు చితికినా వాడెప్పుడూ ఎత్తలేదు." నరసయ్య వల పక్కన పెట్టాడు. "అట్టాంటోడు ఎత్తినాడంటే ఎంత నొప్పి పడినాడో."

అంతే అన్నాడు. కొడుకును తిట్టలేదు. తిట్టాలంటే ఆ కట్టడి నేర్పిందెవరో కూడా చెప్పుకోవాలి. మొదటి లోడు బయల్దేరుతుంటే, దారిలో ఎక్కడా ఆపమాకండి అని వ్యాను రేకు మీద చరిచింది ఆయనే. వినోద్‌కు అది గుర్తుంది. ఆయనకూ గుర్తుంది. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

వసారాలో ఉష మంచం అంచున కూర్చుని ఉంది. సుబ్బు మేలుకునే ఉన్నాడు. వాకిట్లో మాటలన్నీ ఆయనకూ వినిపించాయి.

"విన్నావు గదా," అంది ఉష. "ఇన్ని నెలలు నీ కాడ కూర్చోని వాడిని పొగిడినాను. తమ్ముడు ఆపినాడు, తమ్ముడు బతికించినాడు అని. నువ్వు వింటా ఊరకున్నావు. ఎట్టా ఓర్చుకున్నావయ్యా?"

సుబ్బు ఆమెను చూస్తున్నాడు.

"నేను ఇంక ఈ ఇంట్లో ఉండలేను. సంగం ఊళ్లో మా పిన్నమ్మ కాడికి పోదాం. నీళ్లూ చేపలూ లేని చోటు కాదులే, ఆడా ఏరు ఉండాది." నవ్వబోయి మానుకుంది. "నువ్వొక్క మాట చెప్పు. నువ్వు చెయ్యి ఎత్తితే వాడు చూసి కూడా ఆపలేదంట. నిజమేనా?"

సుబ్బు చూపు ఆమె మీదనుంచి జరిగి గుమ్మం వైపు పోయింది. వినోద్ అక్కడ నిలబడి ఉన్నాడు. లోపలికి అడుగు పెట్టలేదు.

సుబ్బు ఎడమ చెయ్యి దుప్పటి మీదనుంచి కదిలింది. వేళ్లు ముడుచుకున్నాయి. పిడికిలి బిగించి, మెల్లగా గుండె దగ్గరికి లాక్కున్నాడు.

ఉష అతని మీదికి వంగింది.

"ఆపొద్దన్నావా? నువ్వే పొమ్మన్నావా?"

పిడికిలి మళ్లీ ముందుకు పోయి గుండె దగ్గరికి వచ్చింది.

"లేదు బావా," అన్నాడు వినోద్ గుమ్మంలోంచి. "నువ్వు చెయ్యి ఎత్తినావు. నేను చూసినా. నాకోసరం ఇప్పుడు ఇట్టా చెప్పబాక."

సుబ్బు అతని వైపు చూడలేదు. పెళ్లాం కళ్లలోకే చూస్తూ మూడోసారి పిడికిలి లాక్కున్నాడు. ఈసారి దాన్ని గుండె మీదే ఉంచుకున్నాడు. వాకిట్లోనుంచి నరసయ్య లేచి వచ్చి, ఆ పిడికిలిని చూసి, భుజం మీది తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఉష ఒకసారి తమ్ముడిని చూసింది, ఒకసారి మొగుణ్ణి చూసింది. ఆగలేదన్నంత వరకు కెమెరా చెప్పింది. ఆపమన్నారా, పొమ్మన్నారా అన్నది ఆ వ్యానులో ఉన్న ఇద్దరికే తెలుసు. ఇద్దరూ తనకు కావలసినవాళ్లే. ఇద్దరిలో ఒకరు అబద్ధం చెబుతున్నారు.

ఆమె భర్త పిడికిలిని రెండు చేతులతో పట్టుకుని, అరచెయ్యి తెరవాలని ఒక్కొక్క వేలే లాగింది. ఒక్క వేలు కూడా రాలేదు.